బ్రిసిల్‌టెయిల్ ఫైల్‌ఫిష్: ఐప్టేసియా మొత్తం తినేసింది, తర్వాత ఎకాన్ పగడం మీద పడింది

మేం టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. హాల్లో 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంక్, అంటే ఉప్పునీళ్లలో బతికున్న పగడాలు, చేపలు పెంచే తొట్టి, పెట్టి మూడేళ్లు దాటింది. కొమ్మల్లా పెరిగే ఎక్రోపోరా లాంటి పగడాలు నేను పెట్టలేదు. మెత్తటి కండ ఎక్కువగా ఉండే పగడాలంటేనే నాకు ఇష్టం. హామర్ పగడం రెండు గుత్తులు, డంకన్ పగడం ఒకటి, ఐదు తలలున్న ఎకాన్ పగడం ఒకటి, ఒక రాయి నిండా చిన్న పువ్వుల్లా విచ్చుకునే జోవాంతిడ్లు ఉన్నాయి. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద బ్రిసిల్‌టెయిల్ ఫైల్‌ఫిష్ గురించి రాసేదంతా ఈ పగడాలున్న ట్యాంక్‌లో జరిగింది. మీ పగడాలు వేరైతే ఇదే చేప మీ దగ్గర వేరుగా ఉండొచ్చు.

ఈ చేపను గత మార్చిలో కొన్నాను. ధర 35 డాలర్లు, పొడవు రెండంగుళాలు. హేచరీలో పుట్టి పెరిగిన పిల్ల. షాపులో దాని తొట్టి అద్దం మీద "రీఫ్ సేఫ్", అంటే పగడాలకు హాని చేయదు, అని స్టిక్కర్ ఉంది. ఆ షాపు పేరు ఇక్కడ రాయను. అలాంటి స్టిక్కర్ నేను చాలాచోట్ల చూశాను.

కొనడానికి కారణం ఐప్టేసియా. రీఫ్ ట్యాంక్ ఉన్నవాళ్లకు ఈ పేరు వింటేనే టెన్షన్. గోధుమరంగులో, అద్దంలా పల్చగా ఉండే చిన్న సీ ఎనిమోని, అంటే రాయికి అంటుకుని పువ్వులా కనిపించే సముద్రజీవి. కొత్త పగడం ముక్కతో పాటు ఒకటి వచ్చింది. బ్లేడుతో గీకేశాను. గీకినచోట పాదం ముక్క మిగిలితే చాలు, అందులోంచి ఇంకోటి పుడుతుందని అప్పటికి నాకు తెలియదు. రెండు నెలల్లో నలభై దాకా లెక్కపెట్టాను. పక్కన ఉన్న జోవాంతిడ్లను కుట్టి ముడుచుకుపోయేలా చేస్తున్నాయి. సిరంజీతో సున్నపు ముద్ద ఎక్కించాను. పైకి కనిపించేవి చచ్చాయి గానీ రాళ్ల సందుల్లోవాటికి సూది అందలేదు. పెప్పర్‌మింట్ రొయ్యలు మూడు వేస్తే పగలంతా దాక్కుని, రాత్రి చేపలకు వేసిన మేత మాత్రం తిన్నాయి. అప్పుడే ఫైల్‌ఫిష్ తెచ్చాను.

ముందు మంచి మాటలు చెప్పాలి, ఎందుకంటే కొన్న పని అది నిజంగా చేసింది. మొదటి నాలుగు రోజులు మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి మేత) తప్ప ఏమీ ముట్టలేదు. రెండో వారంలో ఒక ఐప్టేసియా ముందు ఆగి, పక్కకి తిరిగి, ఒక కంటితో చూసి, టక్కున ఒక కొరుకు కొరికి వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది. ఐదో వారం చివరికి టార్చిలైటు వేసి వెతికినా ఒక్కటి కనిపించలేదు. సున్నం, బ్లేడు, రొయ్యలు కలిసి చేయలేని పని రెండంగుళాల చేప చేసిపెట్టింది.

చూడ్డానికి కూడా ముచ్చటగా ఉంటుంది. ఒంటిమీద చిన్నచిన్న నాచుపోగుల్లాంటివి వేలాడుతుంటాయి. పచ్చని నాచు పక్కనుంటే పచ్చగా, రాయి దగ్గరుంటే గోధుమ మచ్చలతో మారిపోతుంది. రాత్రి నీటి ప్రవాహానికి కొట్టుకుపోకుండా ఏదో ఒకటి నోటితో కరిచి పట్టుకుని నిద్రపోతుంది. మా ట్యాంక్‌లో పంపు వైరు దాని పడక. మా బాబు రోజూ పడుకునే ముందు "వైరు పట్టుకుందా అమ్మా?" అని అడిగి వెళ్లేవాడు.

అప్పుడు మా నాన్నగారు ఆరు నెలల కోసం వచ్చి ఉన్నారు. మాది ఆకివీడు దగ్గర. నాన్నగారికి చేపల చెరువులున్నాయి. ఫైల్‌ఫిష్ తెచ్చిన మర్నాడు పొద్దున్నే కాఫీ పట్టుకుని ట్యాంక్ ముందు కూర్చుని చాలాసేపు చూసి, "అమ్మాయ్, దీని నోరు చూశావా? ముక్కులా ముందుకొచ్చి, చివర్న పళ్లు బయటికున్నాయి. ఇది కొరికి తినే చేప" అన్నారు. సేఫ్ అని రాసుంది నాన్నగారూ అన్నాను. "దేనికి సేఫ్ అని అడిగావా?" అన్నారు.

చెరువుల దగ్గర పెరిగినదాన్నే అయినా ఆ చూపు నాకు తట్టలేదు. మా చెరువుల్లో బొచ్చె, శీలావతి, మోసు కలిపి పెంచుతారు. బొచ్చెకు నోరు పైకి తిరిగి ఉంటుంది, పై నీళ్లలో తేలేది తింటుంది. శీలావతి నడినీళ్లలో తింటుంది. మోసుకు నోరు కిందికి ఉంటుంది, అడుగున వెతుక్కుంటుంది. ఒకదాని మేతకు ఒకటి అడ్డురావు. ఆ లెక్కే పగడాల ట్యాంక్‌కి కూడా చాలావరకు పనికొస్తుంది. క్రోమిస్, ఎంథియాస్, ఫైర్‌ఫిష్, ఫెయిరీ రాస్ అనే చేపలు నీళ్లలో తేలివచ్చే పురుగూపుట్రా ఏరుకు తినేవి. వాటి చూపు నీళ్లమీదే గానీ రాళ్లమీద ఉండదు. సన్నగా పొడుచుకొచ్చిన నోరున్నవి, ముందుపళ్లున్నవి, ముక్కులాంటి దవడున్నవి రాతికి అంటుకుని ఉన్నదాన్ని గిల్లి తినేవి. బటర్‌ఫ్లై చేపలు, ట్రిగ్గర్లు, పఫర్లు, చిలకచేపలు అన్నీ ఆ బాపతే. బటర్‌ఫ్లై చేపల కుటుంబానికి శాస్త్రీయ నామం కీటోడాంటిడే. గ్రీకులో వెంట్రుకలాంటి పళ్లు అని అర్థం.

ఆరో వారం నుంచి మొదలైంది. జోవాంతిడ్లు విచ్చుకోవడం తగ్గింది. నీళ్లు పరీక్షించాను. ఉప్పు, ఆల్కలినిటీ (క్షారత), కాల్షియం, ఉష్ణోగ్రత అంతా ఎప్పటిలాగే ఉంది. తర్వాత ఎకాన్ ఒక తల అంచున కండ పోయి తెల్లటి అస్థిపంజరం బయటపడింది. నాకు మొదట ట్యాంక్‌లోనే ఉన్న టొమినీ టాంగ్ అనే చేప మీద అనుమానం వచ్చింది, అది రోజంతా రాళ్లు గీకుతూనే ఉంటుంది కాబట్టి. మనం ముందు నిలబడితే చేపలు మేతకోసం అద్దం దగ్గరికి వచ్చేస్తాయి, మామూలుగా చేసే పని చేయవు. అందుకే ఫోను స్టాండుకి పెట్టి గంటసేపు వీడియో తీసి అందరం హాల్లోంచి వెళ్లిపోయాం. గంటలో పదకొండుసార్లు ఫైల్‌ఫిష్ వచ్చి, ఐప్టేసియాని చూసినట్టే పక్కకి తిరిగి ఒక కంటితో చూసి, ఎకాన్‌ని గిల్లింది. జోవాంతిడ్ల చుట్టూ అంచులా ఉండే మీసాలు కత్తిరించినట్టు పోయాయి. టాంగ్ ఒక్కసారి కూడా ముట్టలేదు.

మేత పెంచి చూశాను. రోజుకు రెండుసార్లు పెట్టేది నాలుగుసార్లు పెట్టాను. గిల్లడం తగ్గింది గానీ ఆగలేదు. పైగా నీళ్లలో నైట్రేట్ అనే మలినం పెరిగింది.

ఎందుకిలా అని ఆలోచిస్తే విషయం తేలికగానే అర్థమైంది. ఐప్టేసియా, ఎకాన్, జోవాంతిడ్ మూడూ దగ్గర చుట్టాలే. మూడింటికీ కుట్టే కణాలుంటాయి, మెత్తటి కండ ఉంటుంది. ఐప్టేసియా కుట్టినా లెక్కచేయకుండా తినగలిగిన నోటికి ఎకాన్ ఒక లెక్క కాదు. ఇదే కుటుంబంలో నారింజ చుక్కల ఫైల్‌ఫిష్ ఒకటుంది, అది సముద్రంలో ఎక్రోపోరా పాలిప్స్ (పగడంలోని చిన్నచిన్న జీవులు) తినే బతుకుతుంది. ఐప్టేసియా తింటుందని ఎవరైనా చేపను చూపిస్తే, ఆ అలవాటే పగడాల మీదికి మళ్లే అవకాశం ఉందని లెక్కలో పెట్టుకోవాలి. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేపను కూడా ఐప్టేసియా తింటుందనే అమ్ముతారు. దానికి మేత అలవాటు చేయడమే పెద్ద పని, వాటిలో చాలా ఏమీ తినక చచ్చిపోతాయి.

చేపను బయటికి తీయడం మరో కష్టం. రీఫ్ ట్యాంక్‌లో వల తిప్పలేం, రాళ్లన్నీ పగడాలతో అతుక్కుని ఉంటాయి. బోను పెట్టి తొమ్మిది రోజులు చూశాను. అందులోకి టాంగ్ వెళ్లింది, క్లౌన్ చేపలు వెళ్లాయి, ఫైల్‌ఫిష్ మాత్రం వెళ్లలేదు. చివరికి మా ఆయన గుర్తుచేశారు, అది రాత్రి వైరు కరిచి పడుకుంటుంది కదా అని. రాత్రి రెండింటికి లేచి, ఎర్ర లైటు వేసి, ప్లాస్టిక్ జగ్గు మెల్లగా కిందినుంచి తెచ్చి వైరుతో సహా లోపలికి తీసుకున్నాను. కదల్లేదు. అలవాటు తెలిసి ఉంటే తొమ్మిది రోజులు పోయేవి కావు. ఫైల్‌ఫిష్ ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

కొన్న షాపులో ప్రాణులను వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఇంకో చిన్న షాపుంది, భార్యాభర్తలు నడుపుతారు. అక్కడ తీసుకుని 15 డాలర్ల క్రెడిట్ ఇచ్చారు. పగడాలు లేని తొట్టిలో ఐప్టేసియా పడితే దీన్ని వేస్తామన్నారు. తర్వాత వాళ్లు చేసిన పని నాకు బాగా నచ్చింది. మళ్లీ ఏం కావాలని అడగలేదు, మీ ట్యాంక్ ఫోటో ఉందా అని అడిగారు. ఎకాన్ చూసి, ఆ ఇంట్లోకి కోరల్ బ్యూటీ గానీ ఫ్లేమ్ ఏంజెల్ గానీ అమ్మం అన్నారు. ఈ చిన్న ఏంజెల్ చేపల్లో ఒకటి ఏళ్లతరబడి బుద్ధిగా ఉంటుంది, అదే జాతిలో ఇంకోటి నెలలోనే కండ పగడాలను పీక్కుతింటుంది. ఏది ఎలా తయారవుతుందో షాపులో నిలబడి చెప్పడం ఎవరివల్లా కాదు. అమ్మకం పోతుందని తెలిసీ ఆ మాట చెప్పిన షాపుకే ఇప్పుడు నేను వెళ్తున్నాను.

ఇప్పుడు ట్యాంక్‌లో ఉన్నవాటి గురించి కూడా చెప్తాను. ఆసెలారిస్ క్లౌన్ జంట మూడేళ్లలో ఒక్క పగడాన్నీ తినలేదు. కాకపోతే హామర్‌ని ఎనిమోని అనుకుని అందులో దొర్లుతాయి, మొదటి రెండు వారాలు అది సగమే విచ్చుకుంది, తర్వాత అలవాటు పడింది. రాయల్ గ్రామా ఊదా, పసుపు రంగుల్లో మెరుస్తూ తన గుహలో తను ఉంటుంది, ఇంకొకటి కొనమంటే కళ్లు మూసుకుని కొంటాను. ఫెయిరీ రాస్ మంచిదే గానీ ఎగురుతుంది, పైన జాలీ మూత లేకపోతే పొద్దున్న నేలమీద దొరుకుతుంది. టొమినీ టాంగ్ మూతి మొనదేలి ఉన్నా పళ్లు దువ్వెనలా సన్నగా ఉంటాయి, రాతిమీద నాచుపొరను తుడిచి తింటుంది. అద్దం మీద దాని పెదవుల ముద్రలు వరుసగా కనిపిస్తాయి. నోరు చూస్తే ఎలా తింటుందో తెలుస్తుంది, ఏం తింటుందో కొనేముందు విడిగా తెలుసుకోవాల్సిందే. ఫాక్స్‌ఫేస్ నాచు తినే చేపే అయినా జోవాంతిడ్లను రుచి చూసే అలవాటుంది కాబట్టి వద్దనుకున్నాను.

ఇక ఫైల్‌ఫిష్‌కి నా మార్కులు. ఐప్టేసియా పనికి ఐదుకి ఐదు. ఎకాన్, జోవాంతిడ్లు ఉన్న ఇంటికి ఒకటి. పగడాలు లేకుండా చేపలు, రాళ్లు మాత్రమే ఉన్న ట్యాంక్‌కి తప్పకుండా కొనండి. హైదరాబాద్‌లో మా అన్నయ్యకు ఇదే చెప్పాను. ఇండియాలో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు, వాటిని ఇంట్లో పెట్టుకోకూడదు. అన్నయ్య ట్యాంక్‌లో చేపలు, రాళ్లే ఉన్నాయి, అక్కడ ఈ చేపకు తిట్లు పడవు. నా దగ్గర మళ్లీ ఐప్టేసియా వస్తే బెర్గియా తెస్తాను. అది చిన్న సముద్రపు నత్త, ఐప్టేసియా తప్ప ఇంకేదీ తినదు, అది అయిపోతే ఆకలితో చనిపోతుంది. అందుకే పని అవ్వగానే అవి కావాల్సిన ఇంకొకరికి ఇచ్చేయాలి.

ఎకాన్ ఐదు తలల్లో ఒకటి పూర్తిగా పోయింది. దెబ్బతిన్న రెండిటికి అంచుల నుంచి ఎర్రటి కండ మళ్లీ పాకుతోంది. నాన్నగారు ఆకివీడు వెళ్లిపోయారు, ఆదివారం వీడియో కాల్‌లో ముందు బాబుని అడుగుతారు, తర్వాత ఎకాన్‌ని చూపించమంటారు. బాబు మాత్రం ఫ్లేమ్ ఏంజెల్ కావాలని అడుగుతూనే ఉన్నాడు. ఎకాన్ ఉన్నంతకాలం కుదరదు నాన్నా అని చెప్పాను.