వియత్నాం మెట్ల పొలాలు: సాపా, ముకాంగ్‌చాయ్, హోయాంగ్‌సూఫీ... ఏది మేలు?

ఉత్తర వియత్నాం మెట్ల పొలాలు, అంటే కొండవాలున మెట్లుగా చెక్కిన వరి మడులు, చూడాలనుకునేవాళ్లు చాలామంది ముందు ఊరు ఖాయం చేసుకుని, తర్వాత సెలవులు చూసుకుంటారు. అక్కడే బోల్తా పడతారు. ముందు చూడాల్సింది పంట ఏ దశలో ఉందన్నది. ఫొటోల్లో బంగారంలా మెరిసే కొండ మహా అయితే రెండు మూడు వారాలు అలా ఉంటుంది. కోత అయ్యాక మిగిలేవి మోళ్లు, బురద, మేస్తున్న గేదెలు. నవంబరు చివర్లో సాపా వెళ్లి "ఏముందండీ అక్కడ, మంచు తప్ప" అనేవాళ్లు ఉంటారు. ఆ నెలలో అంతే మరి.

ఈ కొండల్లో ఏడాదికి ఒక్కటే పంట. చలికాలంలో నారు బతకదు, నీళ్లు కూడా వానల మీదే ఆధారం. మే రెండో సగం నుంచి జూన్ మధ్య దాకా మడుల్లోకి నీళ్లు వదిలి దమ్ము చేస్తారు. జూన్‌లో నాట్లు. జులై, ఆగస్టు అంతా పచ్చదనం, దాంతోపాటు భారీ వానలు. పంట పండే సమయం మాత్రం చోటును బట్టి మారుతుంది. సాపాలో ఆగస్టు చివర మొదలై సెప్టెంబరు మూడో వారానికి చాలావరకు కోసేస్తారు. ముకాంగ్‌చాయ్‌లో సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటి వారం దాకా. హోయాంగ్‌సూఫీలో కూడా దాదాపు అప్పుడే.

దీన్ని మన సెలవులతో కలిపి చూస్తే లెక్క తేలిపోతుంది. దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లకు సాపాలో పంట దాటిపోయి ఉంటుంది, ముకాంగ్‌చాయ్, హోయాంగ్‌సూఫీ సరిగ్గా అందుతాయి. అది కూడా పండగ సెప్టెంబరు చివర్లో వచ్చిన ఏడాది. అక్టోబరు రెండో వారం దాటితే అక్కడా కోతలు ముగింపుకొస్తాయి. వేసవి సెలవుల చివర్లో, అంటే మే ఆఖరు, జూన్ మొదట్లో వెళ్తే కొండలన్నీ నీళ్ల మడులే. బంగారు పంట కంటే ఈ నీళ్ల కాలమే బాగుంటుందనేది మా అభిప్రాయం. ఒక్కో మడిలో ఒక్కో రంగు ఆకాశం, గట్ల గీతలు విడివిడిగా కనిపిస్తాయి, జనం కూడా తక్కువ. సంక్రాంతి సెలవులకు మాత్రం ఈ ఆలోచనే వద్దు.

సాపా: సుఖం ఎక్కువ, జనం ఇంకా ఎక్కువ

హనోయ్ నుంచి సుమారు 320 కిలోమీటర్లు. 2014లో హనోయ్–లావ్‌కాయ్ ఎక్స్‌ప్రెస్‌వే తెరిచాక బస్సులో ఐదారు గంటల ప్రయాణం అయింది. రాత్రి రైలు ఎక్కితే లావ్‌కాయ్ దాకా సుమారు ఎనిమిది గంటలు, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు మీద మరో 38 కిలోమీటర్లు. వ్యాన్లలో నిద్ర పట్టనివాళ్లకు, వాంతులయ్యేవాళ్లకు రైలే నయం.

పట్టణం 1500 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఫ్రెంచివాళ్లు వేసవి విడిది కోసం కట్టుకున్న ఊరు, ఇప్పుడు హోటళ్ల గుట్ట. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు వెంట ఉంటే ఇదే సులువు. ఆసుపత్రి, ఏటీఎం, వేడినీళ్లు, లిఫ్టు ఉన్న హోటల్, భారతీయ భోజనం అన్నీ దొరుకుతాయి. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు కూడా 3143 మీటర్ల ఫాన్సిపాన్ శిఖరం చేరొచ్చు, ఎందుకంటే 2016 నుంచి 6 కిలోమీటర్ల పైచిలుకు కేబుల్ కారు నడుస్తోంది. దాని చివర ఇంకా ఆరేడు వందల మెట్లున్నాయని టికెట్ కొనేటప్పుడు ఎవరూ గట్టిగా చెప్పరు. మెట్లు ఎక్కలేనివాళ్లకు పైన చిన్న రైలుంది, దానికి టికెట్ వేరు.

సాపాలో జరిగే పెద్ద పొరపాటు పట్టణంలోనే రెండు రాత్రులూ గడిపేయడం. పట్టణానికి ఆనుకుని ఉన్న కాత్‌కాత్ అసలైన హ్మోంగ్ తెగ ఊరే కానీ, ఇప్పుడు టికెట్ పెట్టి, అద్దె దుస్తుల్లో ఫొటోలు దిగే చోటుగా మారింది. గంటన్నరలో చూసి వచ్చేయొచ్చు, వదిలేసినా నష్టం లేదు. ఉండాల్సింది మువాంగ్‌హోవా లోయలోని తావాన్‌లో. ఈలిన్‌హో, లావ్‌చాయ్ మీదుగా తావాన్‌కు నడిస్తే సుమారు 12 కిలోమీటర్లు, తీరిగ్గా ఐదారు గంటలు. లావ్‌చాయ్ నల్ల హ్మోంగ్‌ల ఊరు, తావాన్‌లో జాయ్ తెగవాళ్లు ఎక్కువ. ఇంకో దిక్కున ఉన్న తాఫిన్‌లో ఎర్ర తలపాగాల జావ్ మహిళలు కనిపిస్తారు. అక్కడి అడవి మూలికల స్నానం పేరున్నది. చెక్క తొట్టెలో వేడి కషాయం పోసి మెడ దాకా కూర్చోబెడతారు. ఖాళీ కడుపుతో దిగితే, అరగంట మించితే కళ్లు తిరుగుతాయి. బీపీ ఉన్నవాళ్లు కాళ్లు మాత్రం ముంచే తొట్టె అడగాలి.

నడక మొదలుపెట్టగానే ఇద్దరు ముగ్గురు హ్మోంగ్ మహిళలు వెంట వస్తారు. జారేచోట చెయ్యి పట్టుకుని దింపుతారు, చక్కటి ఇంగ్లిష్‌లో కబుర్లు చెబుతారు, చివర్లో బుట్ట తెరిచి కొనమంటారు. చెయ్యి పట్టుకుని దిగాక "నాకేం వద్దు" అనడం కష్టమే. కాబట్టి మొదట్లోనే తేల్చుకోవాలి. వాళ్లలోనే ఒకరిని ఆ రోజుకు గైడుగా మాట్లాడుకుంటే ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది. పిల్లల దగ్గర మాత్రం ఏదీ కొనొద్దు, చాక్లెట్లు పంచొద్దు. కొన్నకొద్దీ ఆ పిల్లలు బడి మానేసి రోడ్డు మీదే ఉంటారు.

ముకాంగ్‌చాయ్: పొలాల కోసమే అయితే ఇదే

మెట్ల పొలం చూడటమే పని అనుకుంటే దీనికి సాటి లేదు. లాపాన్‌తాన్, చేకూన్యా, జేసూఫిన్ ఊళ్ల పొలాలను 2007లో జాతీయ వారసత్వంగా, తర్వాత ప్రత్యేక జాతీయ వారసత్వంగా గుర్తించారు. ఇక్కడి జనంలో తొంభై శాతం పైగా హ్మోంగ్‌లే. పొలాలు రోడ్డుకు రెండువైపులా కొండ కొమ్ము దాకా పాకి ఉంటాయి. సాపాలోలా పొలానికీ పొలానికీ మధ్య ఎవరో కట్టిన కాఫీ షాపు అడ్డు రాదు, కనీసం ఇప్పటికింకా.

చేరడమే కష్టం. హనోయ్ నుంచి సుమారు 300 కిలోమీటర్లే, కానీ 32వ నంబరు రహదారి మీద ఏడెనిమిది గంటలు. చివర్లో వచ్చే ఖావ్‌ఫా కనుమ 30 కిలోమీటర్ల పైచిలుకు మలుపులు. పగటిపూట దాటితేనే ఈ దారి కష్టానికి ఫలితం. రాత్రి బస్సులో పడుకుని దాటేస్తే సగం అందం నిద్రలోనే పోతుంది. కనుమకు ఇవతల తూలే లోయలో ఒక రాత్రి ఆగడం తెలివైన పని. అక్కడివాళ్లు థాయ్ తెగ, స్తంభాల మీద కట్టిన చెక్క ఇళ్లు, వేడినీటి ఊటలు. తూలే జిగురు బియ్యానికి దేశమంతా పేరు. సెప్టెంబరులో పాలు గట్టిపడే దశలోని కంకులు కోసి, వేయించి, రోకళ్లతో దంచి పచ్చ అటుకులు చేస్తారు. మన అటుకుల్లా గలగలలాడవు, మెత్తగా సాగుతాయి. ఆ పూటకు ఆ పూట తినాల్సిందే, మర్నాటికి గట్టిపడిపోతాయి.

గుండ్రటి గుట్ట చుట్టూ మడులు చుట్టుకున్న మామ్‌సోయ్ దృశ్యం ప్రతి పోస్టర్‌లోనూ ఉండేది. రోడ్డు నుంచి పైకి వెళ్లే సిమెంటు బాట ఒక బండి పట్టేంత, నిట్టనిలువు. కార్లు వెళ్లవు. కింద మోటార్‌సైకిళ్ల వాళ్లు కాచుకుని ఉంటారు, రాను పోను ధర ముందే మాట్లాడుకుని ఎక్కాలి. శని, ఆదివారాల్లో, అదీ సెప్టెంబరు చివరి వారంలో, హనోయ్ సగం అక్కడే ఉంటుంది. గదులు దొరకవు, దొరికినా ధరలు రెండింతలు. సోమవారం నుంచి గురువారం మధ్య పెట్టుకోవడం మంచిది.

ఇక్కడ మోసపోయే చోటు ఒకటుంది. ఒక్కో కుటుంబం ఒక్కో రోజు కోస్తుంది. కింది మడులు, పై మడులు ఒకేసారి పండవు. నిన్న నిండుగా ఉన్న కొండ రేపటికి సగం గొరిగినట్టు ఉండొచ్చు. కాబట్టి బయల్దేరే ముందు బస చేయబోయే ఇంటివాళ్లను ఆ రోజు తీసిన ఫొటో పంపమని అడగాలి. అక్కడివాళ్లు వాట్సాప్ పెద్దగా వాడరు, జాలో యాప్ కావాలి.

హోయాంగ్‌సూఫీ: తీరిక ఉన్నవాళ్లకు

ఇది పాత హాజాంగ్ (ఇప్పుడు తుయెన్‌క్వాంగ్) రాష్ట్రంలో చైనా సరిహద్దు వైపు ఉంది. హనోయ్ నుంచి రాత్రి స్లీపర్ బస్సులు ఇక్కడి పట్టణమైన విన్‌క్వాంగ్ దాకా వస్తాయి. ఆ తర్వాతే అసలు సంగతి. చూడాల్సిన ఊళ్లు ఒకదానికొకటి 20, 30 కిలోమీటర్ల దూరం, రోడ్లు సన్నవి, వానపడితే కొండచరియలు. రెండు రోజుల్లో ముగించాలనుకుంటే రోడ్డు మీదే పొద్దుపోతుంది. కనీసం మూడు రాత్రులు కావాలి.

కానీ మనుషుల కోసం వెళ్లేవాళ్లకు ఇంతకు మించినది లేదు. జావ్, నూంగ్, తాయ్, హ్మోంగ్, లాచీ తెగలు పక్కపక్క లోయల్లో ఉంటాయి. బాన్‌ఫుంగ్ లాచీల ఊరు, పొలాలు లోయ అడుగు నుంచి మేఘాల దాకా ఏకంగా నిలబడినట్టు ఉంటాయి. థోంగ్‌న్గుయెన్ వైపు జావ్ ఇళ్లలో బస బాగుంటుంది, పాత చెట్ల తేయాకు కూడా అక్కడిదే. వెంటపడి అమ్మేవాళ్లు ఉండరు. ఇంగ్లిష్ కూడా ఉండదు. వియత్నామీస్‌ను ఫోన్‌లో ఆఫ్‌లైన్ అనువాదానికి దించుకుని వెళ్లినా, కొందరు ముసలివాళ్లకు ఆ భాషే సరిగా రాదు.

పూలువాంగ్ గురించి ఒక మాట

నాలుగు రోజులే సెలవు, అందులో హాలాంగ్ బే కూడా చూడాలి అనేవాళ్లు పై మూడింటినీ వదిలేసి థాన్‌హోవా వైపు పూలువాంగ్ చూసుకోవచ్చు. హనోయ్ నుంచి నాలుగు గంటలు. ఎత్తు తక్కువ, చలి తక్కువ, అందుకే రెండు పంటలు: మే చివర–జూన్ మొదట్లో ఒకటి, సెప్టెంబరు చివర–అక్టోబరులో మరొకటి. కొండలు అంత గంభీరంగా ఉండవు. థాయ్, మువాంగ్ ఊళ్లు, వెదురు నీటిచక్రాలు, ఈత కొలనున్న రిసార్టులు. చంటిపిల్లలున్న కుటుంబానికి సరిపోతుంది.

ఎక్కడికి వెళ్లినా తప్పని సంగతులు

గట్టు మీద నడవకండి, గైడు నడిస్తే తప్ప. మెట్ల పొలంలో నీరు పై వాగు నుంచి కాలువ ద్వారానో వెదురు గొట్టం ద్వారానో పై మడికి వచ్చి, మడవ దాటి కింది మడికి, అక్కడి నుంచి ఇంకా కిందికి జారుతుంది. గట్టు అడుగున్నర వెడల్పు ఉంటే ఎక్కువ, లోపలంతా తడి బంకమట్టి. ఫొటో కోసం అంచున నిలబడితే అది కుంగి గండి పడుతుంది. పై మడి ఖాళీ అవుతుంది, ఆ నీరు ఒక్కసారిగా పడి కింది గట్టునూ కోసేస్తుంది. ఒక పూట రైతు పని బూడిదలో పోసినట్టే. పైగా పై మడి ఒకరిది, కింది మడి ఇంకొకరిది కావచ్చు.

ఇదే బంకమట్టి వల్ల కాళ్లు జారతాయి. నున్నటి అడుగున్న స్పోర్ట్స్ షూ పనికిరాదు. సాపాలో రబ్బరు బూట్లు అద్దెకు దొరుకుతాయి, కానీ పెద్ద పాదాలవాళ్లకు సైజు దొరకడం కష్టం.

సొంతంగా బైకు తోలుదామనుకుంటే ఆగండి. మన ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు రవాణా ఒప్పందం కిందిది. వియత్నాం గుర్తించేది 1968 ఒప్పందం కిందిది. అద్దె షాపులు ఏమీ అడగకుండా బండి ఇచ్చేస్తాయి, తిప్పలు ప్రమాదం జరిగాక మొదలవుతాయి. ప్రయాణ బీమా కంపెనీ చెల్లుబాటయ్యే లైసెన్సు లేదని డబ్బివ్వదు. బండి నడిపే మనిషిని మాట్లాడుకుని వెనక కూర్చోవడమే మంచిది.

శాకాహారులకు: మాంసం వద్దంటే సరిపోదు, చేపల సాసు, పంది కొవ్వు వంటలో ఉంటాయి. "అన్ చాయ్" అనాలి, అది బౌద్ధుల శాకాహారం. సాపా చుట్టుపక్కల సీమ వంకాయ పందిళ్లు విపరీతం. దాని లేత తీగలను వెల్లుల్లితో వేయిస్తారు. అన్నం, ఆ కూర, వేయించిన టోఫు, మన ఆవకాయ ఉంటే రాత్రి భోజనం అయినట్టే. ఊళ్లలో బసకు మనిషికి లక్ష నుంచి రెండు లక్షల డాంగులు అవుతుంది. లక్షంటే సుమారు 330–350 రూపాయలు. నేల మీద పరుపు, దోమతెర, ఉమ్మడి స్నానాలగది. నగదు పట్టణంలోనే తీసుకోండి. గుమ్మానికి పచ్చి ఆకుల కొమ్మ వేలాడుతుంటే ఆ ఇంట్లో పూజో, పురుడో ఉందన్నమాట, లోపలికి వెళ్లకూడదు.

ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తున్నారు, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఏ గడిలో ఉంటే అక్కడే నింపాలి, మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా అక్కడే తేడా కొడతాయి. 2025 జులై 1 నుంచి ముకాంగ్‌చాయ్ ఉన్న యెన్‌బాయ్ రాష్ట్రం లావ్‌కాయ్‌లో, హోయాంగ్‌సూఫీ ఉన్న హాజాంగ్ తుయెన్‌క్వాంగ్‌లో కలిసిపోయాయి కాబట్టి, బస్సు, బస వెతికేటప్పుడు పాత పేరూ కొత్త పేరూ రెండూ కొట్టి చూడండి.

తుపాను సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2024 సెప్టెంబరులో యాగీ తుపాను వానలకు లావ్‌కాయ్ రాష్ట్రంలోని లాంగ్‌నూ అనే ఊరు మెరుపు వరదలో కొట్టుకుపోయింది, పదుల మంది చనిపోయారు. అది పంట పండే నెలే. తిరుగు ప్రయాణానికీ విమానానికీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి.

వారం రోజులుంటే సాపా, ముకాంగ్‌చాయ్‌లలో ఒకటే ఎంచుకోనక్కర్లేదు. రైల్లో సాపా చేరి తావాన్‌లో రెండు రాత్రులు, తర్వాత ఓక్వీహో కనుమ, థాన్‌ఉయెన్ మీదుగా కారులో నాలుగైదు గంటలు వెళ్తే ముకాంగ్‌చాయ్. అక్కడ రెండు రాత్రులు, తూలేలో ఒకటి, పగటి బస్సులో హనోయ్. తేదీలు సెప్టెంబరు 15–25 మధ్య పడితే సాపాలో చివరి కోతలు, ముకాంగ్‌చాయ్‌లో మొదటి పసుపు రెండూ అందుతాయి. ఈ దారిలో ఆదివారం సాపాలో పడేలా పెట్టుకుంటే మూడు గంటల దూరంలో బాక్‌హా సంత కూడా కలుస్తుంది. రంగురంగుల బట్టల్లో 'పూల హ్మోంగ్' తెగవాళ్లు, గేదెల బేరాలు చూడాలంటే పొద్దున తొమ్మిదికల్లా అక్కడ ఉండాలి, మధ్యాహ్నానికి సంత విడిపోతుంది.