స్టార్లు చూసి భోజనానికి వెళ్లిన పదేళ్లు

బయట భోజనం చేయవలసి వచ్చినప్పుడల్లా ముందు ఫోన్ తీసి రివ్యూలు చూడటం నాకు దాదాపు పదేళ్ల అలవాటు. ఇంతకాలం వాడాను కనుక ఆ రివ్యూలకే ఒక రివ్యూ రాస్తున్నాను. సగటు రేటింగుకు నేనిచ్చేది ఐదుకు రెండు, దాని కింద జనం రాసిన మాటలకు నాలుగు.

ముందు ఆ రెండు సంగతి. నాలుగు స్టార్లకు తక్కువ ఉన్న రెస్టారెంటును పేరైనా చదవకుండా వేలితో పైకి తోసేసేదాన్ని. 4.1కూ 4.3కూ తేడా ఏమిటని అడిగితే చెప్పలేను గానీ, ఆకలితో ఉన్న పిల్లలను ఎదురుగా ఉన్న 4.1ను దాటించి రెండు వీధుల అవతలి 4.3 దాకా నడిపించిన రోజులున్నాయి. ఈ వెర్రి నా ఒక్కదానిదే కాదని తర్వాత తెలిసింది. యెల్ప్ అనే అమెరికా రివ్యూల సైట్‌లో అప్పట్లో సగటును దగ్గరలోని అర స్టారుకు సర్ది చూపేవారు కాబట్టి 3.24 వచ్చిన చోటు మూడుగాను, 3.26 వచ్చిన చోటు మూడున్నరగాను కనిపించేవి. మైకేల్ అండర్సన్, జెరెమీ మాగ్రూడర్ అనే ఆర్థికవేత్తలు శాన్‌ఫ్రాన్సిస్కో రెస్టారెంట్లలో ఈ సర్దుబాటునే ఆసరా చేసుకుని లెక్క కట్టారు. వంటలో చెప్పుకోదగ్గ తేడా లేకపోయినా, పైకి కనిపించే ఆ అర స్టారు వల్ల బల్లలన్నీ నిండిపోయే సందర్భాలు 19 శాతం పాయింట్లు పెరిగాయని 2012లో ప్రచురించారు. అంతకు ముందు ఏడాది మైకేల్ లూకా అనే మరో ఆర్థికవేత్త చేసిన అధ్యయనంలో, ఒక స్టారు పెరిగితే రెస్టారెంటు ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుందనీ, ఊరూరా శాఖలున్న సంస్థలకు మాత్రం ఆ ప్రభావం లేదనీ తేలింది. నేనూ అంతే, తెలిసిన బోర్డు కనిపిస్తే ఫోన్ తీయను.

నాలుగు మార్కులు పడిన మాటల విషయానికొస్తే, నేను మూడు స్టార్ల రివ్యూలతో మొదలుపెడతాను. ఐదు ఇచ్చినవారు పొగడ్తతోను, ఒకటి ఇచ్చినవారు కోపంతోను ఆగిపోతారు, మూడు ఇచ్చిన మనిషి మాత్రం ఎందుకు మూడో చెప్పుకోవలసి వస్తుంది. ఒకసారి అలాంటి రివ్యూలో "వంట బాగుంది, తలుపు పక్క బల్ల మాత్రం వద్దు" అని చదివి, వెళ్లగానే లోపలి బల్ల అడిగి తీసుకున్నాను. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆ పక్క బల్ల దగ్గరి దంపతులు ఎగిరిపోతున్న కాగితపు రుమాళ్లను అరచేతులతో అదిమి పట్టుకోవడం భోజనమంతా చూస్తూనే ఉన్నాను. తేదీ చూడటం కూడా ఆలస్యంగానే నేర్చుకున్నాను. వంటమనిషి మారిపోయి రెండేళ్లయినా పాత పొగడ్తలు సగటును మోస్తూనే ఉంటాయి.

దొంగ రివ్యూల సంగతి అందరికీ తెలిసిందే. 2017లో ఊబా బట్లర్ అనే రచయిత లండన్‌లోని తన పెరటి షెడ్డును, అసలు లేని రెస్టారెంటును, ట్రిప్‌అడ్వైజర్ అనే రివ్యూల సైట్‌లో ఆ నగరానికే మొదటి స్థానంలో నిలబెట్టాడు. అయితే నన్ను ఎక్కువగా ముంచినవి అవి కావనుకుంటాను, నాలాంటివాళ్లు మొహమాటానికి రాసినవి. మొన్నామధ్య ఒక చోట అన్నీ చల్లారిపోయాకే బల్ల మీదికి వచ్చాయి. వడ్డించిన కుర్రవాడు బిల్లుతో పాటు క్యూఆర్ కోడ్ ఉన్న అట్టముక్క పెట్టి, "నా పేరు కూడా రాయండి మేడమ్, మేనేజరు చూస్తారు" అని అక్కడే నిలబడ్డాడు. ఆలస్యం వంటగదిది, అతనిది కాదు. నేను ఐదు స్టార్లు నొక్కి, "వడ్డన చాలా బాగుంది" అని రాసి, స్క్రీన్ అతనివైపు తిప్పి చూపించాను. వంట గురించి ఒక్క ముక్కా రాయలేదు. ఆ ఐదు ఇప్పటికీ వాళ్ల సగటులో ఉంది.