వాల్వ్ టైమింగ్ మారుస్తుందని అమ్మే డబ్బా కొనేముందు ఇది చదవండి

బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల కారు పికప్ పెంచుకుందామని తిరుగుతున్న అన్నలకూ తమ్ముళ్లకూ చెబుతున్నా. డాష్‌బోర్డు కింద బిగించే చిన్న నల్ల డబ్బా చూపించి, వీటెక్ కంట్రోలర్ అనో వాల్వ్ టైమింగ్ (ఇంజిన్‌లోకి గాలీ పెట్రోలూ వెళ్లే తలుపులు ఎప్పుడు తెరుచుకోవాలన్నది) కంట్రోలర్ అనో అంటే వెంటనే డబ్బులు తీయకండి. నాకు 16,500 పోయాయి. బండి బాగుచేయించడానికి ఇంకో 11 వేలయ్యాయి.

నాది 2010 మోడల్ హోండా సిటీ, 1.5 ఐ-వీటెక్. వీటెక్ అంటే ఇంజిన్ వేగం పెరిగినప్పుడు వాల్వులు ఇంకా ఎక్కువ తెరుచుకునేలా చేసే హోండా ఏర్పాటు. అప్పటిదాకా ఒక్క రోజు ఇబ్బంది పెట్టని బండి. ఆటోనగర్‌లో ఒక షాపతను "సార్, వీటెక్ లేటుగా అందుకుంటోంది, ఇది పెడితే మీరు ఎక్కడ కావాలంటే అక్కడ అందుకుంటుంది" అన్నాడు. స్విఫ్ట్‌కైనా ఐ20కైనా ఇదే డబ్బా అన్నాడు. ఆ మాటకే నేను లేచి వచ్చేయాల్సింది. డబ్బా 14,500, బిగింపు 2,000. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద రాసిచ్చాడు.

వారం తర్వాత అమ్మను గుంటూరు డాక్టరుకి చూపించడానికి బయల్దేరాం. కనకదుర్గ వారధి మీద నాలుగో గేరులో వెళ్తున్నా, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) రెండు వేలు కూడా లేదు. ముందున్న లారీని దాటదామని కాస్త తొక్కాను. డాష్‌బోర్డు కింద టిక్కుమంది. అంతే, బండి బరువెక్కిపోయి గుంజుకుంటూ కదిలింది. మంగళగిరి దాటాక చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. కాజ టోల్‌గేటు దగ్గరికి వచ్చేసరికి ఎంత తొక్కినా ఆర్‌పీఎం 4,000 దాటట్లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం, అమ్మను రోడ్డు పక్కన చెట్టు నీడన కూర్చోబెట్టి ఆటో కోసం వెతుక్కున్నాం.

మా మేస్త్రి స్కానర్ పెడితే పి2647 అని లోపం కోడ్ వచ్చింది. వాల్వుల రాకర్ ఆర్మ్ (వాల్వుని నొక్కి తెరిచే చెయ్యి) ఆన్‌లోనే ఇరుక్కుపోయిందని దాని అర్థం. నిజానికి ఏదీ ఇరుక్కోలేదు. వీటెక్‌లో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) సొలినాయిడ్‌కి (కరెంటుతో తెరుచుకునే వాల్వుకి) కరెంటిస్తే ఆయిల్ దారి తెరుచుకుని, ఆ ఒత్తిడికి రాకర్లలోని పిన్ను జరిగి పెద్ద క్యామ్‌కి (వాల్వుని ఎక్కువ తెరిచే ఉబ్బుకి) తగులుకుంటుంది. ఆయిల్ ఒత్తిడి వచ్చిందా లేదా అని ఒక స్విచ్చి ఈసీయూకి చెబుతుంది. ఈ డబ్బా మధ్యలో దూరి సొలినాయిడ్‌ని తనంతట తానే తెరిచింది. తాను ఆర్డరివ్వకుండానే ఒత్తిడి కనపడేసరికి ఈసీయూ దాన్ని లోపం కింద లెక్కేసి ఆర్‌పీఎంని కట్టేసింది.

దానికన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. హోండా ఈసీయూలో చిన్న క్యామ్‌కి ఒక లెక్క, పెద్ద క్యామ్‌కి ఇంకో లెక్క ఉంటాయి. పెట్రోలు ఎంత పడాలి, స్పార్క్ ఎప్పుడు రావాలి అన్నది దాన్నిబట్టే. ఈసీయూకి తెలియకుండా క్యామ్ మారిస్తే అది పాత లెక్కలోనే పోస్తూ ఉంటుంది. నా ప్లగ్గులు నాలుగూ మసిబారి నల్లగా వచ్చాయి. పెట్రోలు తక్కువ పడే చోటైతే నాకింగ్ (పెట్రోలు వేళకాని వేళ మండి ఇంజిన్ టకటకా కొట్టుకోవడం) వచ్చి పిస్టన్ల మీదికే వెళ్తుంది.

ఆ సాయంత్రం డబ్బా స్క్రూలు విప్పి చూశాం. ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి), నాబ్ వెనక చిన్న వేరియబుల్ రెసిస్టరు, ఎర్రంకెల డిస్‌ప్లే, నంబరు గీకేసిన ఒక ఐసీ. ఆర్‌పీఎం వైరని మాకు చూపించిన నీలం వైరు బోర్డు మీద ఎక్కడా అతకలేదు, చివర గమ్ము పెట్టి వదిలేశారు. డబ్బా చూసేది యాక్సిలరేటర్ ఎంత తొక్కామన్నది మాత్రమే. డిస్‌ప్లేలో 4,800 అని కనిపించింది నాబ్ తిప్పితే మారే అంకె, ఇంజిన్‌తో దానికి సంబంధమే లేదు. ఈసీయూ నుంచి వచ్చే వైరుని కోసి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. సోల్డరింగ్ అన్న మాటే లేదు. అది చూసి నాకు నిజంగా కడుపు మండింది.

వాల్వ్ టైమింగ్ మారే పెట్రోలు స్విఫ్ట్, ఐ20 వాళ్లు ఇంకా జాగ్రత్త. మీ బండ్లలో వీటెక్ లాగా క్యామ్ మారదు. క్యామ్‌లుండే షాఫ్టే ఆయిల్ ఒత్తిడితో కొంచెం ముందుకో వెనక్కో తిరుగుతుంది. క్యామ్ సెన్సార్నీ క్రాంక్ సెన్సార్నీ చూసుకుంటూ ఈసీయూ దాన్ని క్షణక్షణం సరిచేస్తుంటుంది. మధ్యలో రిలే పెడితే పి0011 లేదా పి0012 కోడ్ వస్తుంది, బండికి ఒరిగేదేమీ ఉండదు. రెండు రకాలకీ ఒకే డబ్బా అన్నవాడికి ఈ తేడా తెలియదు, లేదా మీకు తెలియదని అనుకుంటున్నాడు.

మంచివి అసలు లేవని అనను. జపాన్ అపెక్సీ కంపెనీ వీ-ఏఎఫ్‌సీ అనే కంట్రోలర్ ఆర్‌పీఎం చదివి, వీటెక్ అందుకునే పాయింటుతో పాటు పెట్రోలునీ సరిచేసేది. అది పాత హోండాల వైరింగ్‌కి చేసింది. ఇప్పటి బండ్లకి పద్ధతైన దారి ఈసీయూలో మ్యాప్ (పెట్రోలు, స్పార్క్ లెక్కల పట్టిక) మార్పించడమే, అది కూడా బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే డైనో మీద, గాలీ పెట్రోలూ ఏ పాళ్లలో ఉన్నాయో చెప్పే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ పెట్టి. ఎవరి దగ్గరికెళ్లినా ఆర్‌పీఎం ఎక్కణ్ణుంచి తీసుకుంటున్నారో, పెట్రోలూ స్పార్కూ ఎలా సరిచేస్తారో అడగండి. మీ ఈసీయూ వైరింగ్ డయాగ్రమ్ చూపించమనండి. జీఎస్టీ బిల్లు లేకుండా రూపాయి ఇవ్వకండి. నేను వెనక్కెళ్లి అడిగితే "బిల్లేది సార్?" అన్నాడు.

బిల్లున్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఇప్పటికే ఈ డబ్బా బిగించుకున్నవాళ్లు లాంగ్ డ్రైవ్ పెట్టుకోకండి. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, డబ్బా విప్పించి, కోసిన వైరుని సోల్డరు చేయించి, హీట్ ష్రింక్ స్లీవ్ వేయించండి. ఆ తర్వాత కోడ్ చెరిపించి, ప్లగ్గులు ఒకసారి విప్పి చూపించుకోండి.