షాఫ్టు అలైన్‌మెంట్‌కు విడిగా బిల్లు వేసిన షాపు

గార్డెన్ ట్రాక్టర్‌కు ఇంజను మార్పించడానికి మేము వెళ్లిన షాపు అమెరికాలోని ఒహాయోలో, కొలంబస్‌కు ఉత్తరాన మక్కజొన్న పొలాల మధ్య ఉంది. పేరు రాయవద్దని యజమాని కోరాడు. పనిచేసేది ఇద్దరే, బయట వరుసకట్టిన బండ్లను చూస్తే ఆయన భయం అర్థమవుతుంది. పేరు లేకపోయినా పనితీరు చెబితే, మీ దగ్గరి షాపులో ఏమి అడగాలో మీకు తెలుస్తుందని రాస్తున్నాను.

నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో మెకానికల్ మెయింటెనెన్స్‌లో చేసి రిటైరయ్యాను. పంపులకు, బ్లోయర్లకు కప్లింగులు, అంటే రెండు షాఫ్టులను జతచేసే భాగాలు, కలపడమే నా ఉద్యోగం. ఆ రెండూ ఒకే గీతలో తిన్నగా ఉండేలా కూర్చోబెట్టడమే అలైన్‌మెంట్. ఈయన అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదని మా కోడలు షాపువాళ్లకు ముందే చెప్పి ఉంచింది.

బండి కబ్ క్యాడెట్ 782. మా అబ్బాయి ఇల్లు కొన్నప్పుడు షెడ్డుతో పాటే వచ్చింది. ఈ వరుస ట్రాక్టర్లను 1961 నుంచి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తయారు చేసింది, 1981లో ఆ వ్యాపారాన్ని ఎంటీడీ కంపెనీకి అమ్మేసింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే గడ్డి కోసే బండ్లలో చాలావాటికి చక్రాలు తిరిగేది బెల్టుతో. ఇందులో అలా కాదు. ముందున్న ఇంజను నుంచి సీటు కిందున్న హైడ్రోస్టాటిక్ పంపు (నూనె ఒత్తిడితో చక్రాలను తిప్పేది) దాకా ఉక్కు షాఫ్టు వెళుతుంది. కప్లింగుల దగ్గర గుడ్డ పొరలు వేసిన రబ్బరు డిస్కులు ఉంటాయి. పాత 17 హెచ్‌పీ ఇంజను ఆయుష్షు తీరడంతో దాని స్థానంలో ప్రిడేటర్ 670 సీసీ, 22 హెచ్‌పీ ఇంజను పెట్టించాం. ఈ పాత బండ్లకు ఇది ఇక్కడ చాలామంది చేయించుకునే మార్పే.

అసలు చిక్కు షాఫ్టు దగ్గరే వస్తుంది. కొత్త ఇంజను క్రాంకు, అంటే ఇంజనులో తిరిగే ఇరుసు, ఎత్తు పాతదానితో సరిపోదు. పైగా ఈ బండిలో షాఫ్టును తిప్పేది క్రాంకుకు ఒక చివరనున్న బరువైన చక్రం, ఫ్లైవీల్ వైపు. క్రాంకు రెండో చివర బ్లేడ్లకు శక్తినిచ్చే క్లచ్‌కు పోతుంది. అందుకని ఫ్లైవీల్‌కు ఒక అడాప్టర్ బిగించి, దాని నుంచి షాఫ్టును నడపాలి. మేము మొదట అడిగిన వేరే షాపులో, డిస్కు రబ్బరు కదా, కొద్దిపాటి తేడా అదే సర్దుకుంటుందన్నారు. ఆ మాట వినగానే అబ్బాయిని కారెక్కమన్నాను. రబ్బరు సర్దుకోవడమంటే తిరిగిన ప్రతిసారీ వంగడం. నిమిషానికి మూడు వేలకు పైగా తిరిగేచోట అలా వంగే డిస్కు ముందు బోల్టు రంధ్రాల దగ్గర కోడిగుడ్డులా సాగుతుంది, తరువాత చిరుగుతుంది. ఈలోగా పంపు సీలు నుంచి నూనె కారడం మొదలవుతుంది. డిస్కు పోతే మార్చుకోవచ్చు, పంపు పోతే బండినే వదులుకోవాలి.

ఈ షాపు యజమాని డెబ్బై దాటిన మనిషి. పని జరిగేచోటికి ఖాతాదారులు రాకూడదని నేల మీద పసుపు గీత ఉంది. గీత ఇవతల నాకు స్టూలు వేశారు. స్పార్క్ ప్లగ్గులు ముందే తీసేశారు కాబట్టి ఇంజను చేత్తోనే తిరుగుతోంది. అడాప్టర్ మీద చిన్న కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్ పెట్టి ఒక చుట్టు తిప్పితే ముల్లు అంగుళంలో 12 వెయ్యో వంతులు కదిలింది, అంటే 0.30 మి.మీ. ఆయన ఏమీ అనలేదు. బోల్టులు అర చుట్టు వదులు చేసి, ఇత్తడి సుత్తితో ఎత్తుగా ఉన్న వైపు చిన్నగా తట్టి, మళ్లీ తిప్పి చూశాడు. మళ్లీ తట్టాడు. 2 వెయ్యో వంతులకు వచ్చాకగానీ బోల్టులు పూర్తిగా బిగించలేదు. బిగించాక ఇంకోసారి తిప్పి చూశాడు. చాలామంది ఎగ్గొట్టేది ఈ చివరి పనినే. బిగింపులో అడాప్టర్ కాస్త జరుగుతుంది, ఆ సంగతి ఎవరూ చూడరు.

తరువాత ఇంజను పాదాల వంతు. మూడు బోల్టులు బిగించి నాలుగో కాలి కింద సందులు కొలిచే రేకుల ఫీలర్ గేజ్ దూరిస్తే పావు మిల్లీమీటరు రేకు సాఫీగా దూరింది. ఫ్రేము పాతది, ఎక్కడో మెలిక తిరిగి ఉంటుంది. అలాగే బిగిస్తే ఇంజను వంకరపోతుంది, ఎంత కొలిచినా లెక్క నిలవదు. అక్కడ షిమ్, అంటే ఎత్తు సరిచేసే పల్చటి రేకు, వేశాకే అసలు కొలతకు దిగారు.

దానికి ఆయన సొంతంగా చేసుకున్న పరికరం ఉంది. షాఫ్టు బదులు అడాప్టర్‌కు మందపాటి పైపు తగిలించి, దాని చివర డయల్ కట్టి, ఇంజనును తిప్పుతూ పంపు ఫ్లాంజి (షాఫ్టు బిగించే గుండ్రటి పళ్లెం) చుట్టూ పైన, కింద, పక్కల రీడింగులు తీస్తాడు. బరువుకు పైపు వంగుతుంది కదా అని నేను గీత ఇవతల నుంచి అడిగాను. ఆయన నా వైపు చూసి పైపు మీద సుద్దతో రాసిన అంకె చూపించాడు. ఎంత వంగుతుందో లేతు మీద ముందే కొలిచి పెట్టుకున్నాడు, రీడింగు నుంచి అది తీసేస్తాడు. నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు.

పక్కల మధ్య రీడింగు తేడా 40 వెయ్యో వంతులు వస్తే ఇంజనును జరపాల్సింది 20. డయల్ చూపించేది ఎప్పుడూ రెట్టింపు. దీన్ని మరిచి 40 జరిపిన కుర్రవాళ్లను నేను చాలామందిని చూశాను. ఇక్కడి కుర్రవాడు మరవలేదు. ఎత్తు షిమ్‌లతో, పక్కకు జరపడం బేస్ ప్లేటు పొడుగు రంధ్రాలతో. అన్నీ కుదిరాక రెండు చోట్ల డోవెల్ పిన్నులు, అంటే చోటు కదలకుండా పట్టే ఉక్కు మేకులు, దించారు. రేపు ఇంజను దించి మళ్లీ పెట్టినా అదే చోట కూర్చుంటుంది. ఇది మేము అడగలేదు, వాళ్లే చేశారు.

కారు ప్రొపెల్లర్ షాఫ్టు పని తెలిసిన అబ్బాయి స్నేహితుడొకడు, కొంచెం కోణం ఉండాలి కదా అన్నాడు. అది కోణంలోనూ తిరిగే యూనివర్సల్ జాయింటుకు. కోణం లేకపోతే అందులోని సూది బేరింగులు ఒకేచోట నలిగి గుంటలు పడతాయి. రబ్బరు డిస్కుకు ఆ అవసరం లేదు, ఎంత తిన్నగా ఉంటే అంత ఆయుష్షు.

ఇంజను వేడెక్కాక మళ్లీ కొలిచారు. పది సెంటీమీటర్ల అల్యూమినియం 60 డిగ్రీలు వేడెక్కితే 0.14 మి.మీ. దాకా పెరుగుతుంది. అంత పొడవు షాఫ్టుకు అది లెక్కలోకి రాదు. నేనైతే ఈ బండికి ఆ శ్రమ పడను. అయినా కాదనలేదు.

ఇక లోపాలు. ఫోను ఎత్తరు. ఇస్తామన్న తేదీ దాటిపోయింది, ఎందుకో చెప్పనూ లేదు. ఈలోగా గడ్డి మోకాలి ఎత్తు పెరిగి, పక్కింటాయన తన బండి తెచ్చి కోసిపెట్టాడు. వైరింగు నాసిరకం. ఛార్జింగు వైరును మఫ్లరు పక్కనుంచే తీసుకెళ్లి ప్లాస్టిక్ పట్టీతో కట్టారు. వేలు పెట్టి చూపించాక మార్చారు, డబ్బు అడగలేదు.

బిల్లులో అలైన్‌మెంట్ ఒక వరుసగా విడిగా ఉంది, గంటల లెక్కన. మొత్తం కూలీలో పెద్ద భాగం అదే. అబ్బాయికి ఎక్కువ అనిపించింది, నాకు అనిపించలేదు. ఆ వరుస పక్కనే చివరి రీడింగులు పెన్నుతో రాసి ఇచ్చారు. మీరు ఏ షాపుకు వెళ్లినా ఆ కాగితం అడిగి తీసుకోండి. ఇవ్వలేమంటే వాళ్లు కొలవలేదన్నమాటే. హుడ్డుకు మాత్రం తుప్పు పట్టిన పాత బోల్టులే తిరిగి బిగించారు, కొత్తవి కావాలంటే ముందే చెప్పాలి.