కంటి చుట్టూ తామర: మూడు మందుల ట్యూబా, ఉత్త యాంటీఫంగల్ క్రీమా, మాత్రలా?

మా చెల్లికి ఎడమ కంటి కింద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ వచ్చింది. మందుల షాపులో చూపిస్తే ఒక ట్యూబు ఇచ్చారు. మూడు రోజుల్లో దురద పోయింది, ఎరుపూ పోయింది. హమ్మయ్య అనుకున్నాం. ట్యూబు ఆపిన వారానికి మచ్చ మళ్లీ లేచింది, ఈసారి కింది రెప్ప దాకా. పూస్తే తగ్గడం, ఆపితే రావడం. రెండు నెలలు ఇదే తంతు. చివరికి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ మచ్చ కన్నా ముందు ట్యూబు చూపించమన్నారు.

దాని మీద చిన్న అక్షరాల్లో మూడు పేర్లున్నాయి: క్లోబెటాసోల్, నియోమైసిన్, మైకోనజోల్. తామర ఫంగస్ వల్ల వచ్చే జబ్బు, ఆ ఫంగస్‌ను చంపేది చివరిది. మధ్యది బ్యాక్టీరియా మందు. మొదటిది చాలా గట్టి స్టెరాయిడ్. ఎరుపు, దురద అంటే ఫంగస్ మీద మన ఒంటి తిరుగుబాటు. స్టెరాయిడ్ దాన్ని అణిచేస్తుంది. మనకు హాయిగా ఉంటుంది, ఫంగస్ మాత్రం అడ్డు లేకుండా పాకుతుంది. పైగా తామరకుండే గుండ్రటి అంచు చెదిరిపోయి, చూసిన డాక్టరే గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. కంటి దగ్గరైతే ఇంకో ప్రమాదం. ఒంట్లో అతి పలచని చర్మం రెప్పలది. నెలల తరబడి అక్కడ స్టెరాయిడ్ పూస్తే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లాలూ రావచ్చు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నియమం పెట్టింది. అయినా అడిగితే చేతిలో పెడుతున్నారు. అందుకే గట్టిగా చెప్తున్నాను: ఎంత తొందరగా తగ్గించినా సరే, ఈ మూడు మందుల ట్యూబు కంటి దగ్గరికి రానివ్వద్దు.

అసలది తామరేనా అన్నది ముందు తేలాలి. తామరైతే సాధారణంగా ఒక పక్కనే మొదలవుతుంది. అంచు కాస్త ఉబ్బి, పొట్టు లేస్తూ బయటికి పాకుతుంది, మధ్యలో చర్మం మామూలుగా కనిపిస్తుంది. ఎండలోకి వెళ్తే మంట ఎక్కువ. రెండు కనుబొమల్లో, ముక్కు పక్కల జిడ్డుగా పొట్టు రాలుతుంటే అది చుండ్రు తరహా జబ్బు కావచ్చు. రెండు రెప్పలూ ఒకేలా ఉబ్బి దురద పెడితే కాటుకో, జుట్టు రంగో పడలేదేమో చూసుకోవాలి. డాక్టర్ మొద్దు బ్లేడుతో మచ్చ అంచు మీది పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూశారు. కొమ్మలేసిన సన్నటి దారాల్లా ఫంగస్ కనిపించింది. ఈ చిన్న పరీక్షతో అంతా తేలిపోయింది.

మచ్చ చిన్నదై, రెప్పకు దూరంగా ఉండి, ఇంతకుముందు స్టెరాయిడ్ పూయకపోతే ఉత్త యాంటీఫంగల్ క్రీమే మేలు. క్లోట్రిమజోల్, కీటోకోనజోల్, లులికోనజోల్ లాంటివి. మొదటి వారం పెద్దగా తేడా కనిపించదు. చాలామంది అక్కడే విసిగిపోయి షాపు ట్యూబుకి మళ్లుతారు. మామూలుగా 2 నుంచి 4 వారాలు పడుతుంది, మచ్చ పోయాక కూడా ఇంకో వారమో రెండు వారాలో రాయాలి. ఇలాంటి క్రీమ్ ఎలా పూయాలో డాక్టర్ మాకు చూపించారు: కందిగింజంత క్రీమ్ వేలికొసకి తీసుకుని, మచ్చకు బయట నుంచి లోపలికి పలచగా పట్టించి, కంటి కింది ఎముక దగ్గర ఆగిపోవాలి. రెప్ప మీద సొంతంగా పూయకూడదు, కంట్లో అసలే పడకూడదు. వెల్లుల్లి రసం, నిమ్మరసం అయితే ముట్టుకోవద్దు. ఆ చర్మం కాలిపోతుంది.

మా చెల్లి సంగతి వేరు. మచ్చ రెప్పకెక్కింది, రెండు నెలలు స్టెరాయిడ్ పడింది. ఇలాంటప్పుడు మాత్రలే నయం. టెర్బినాఫిన్ బాగా పనిచేసే మందే, కానీ దానికి లొంగని రకం ఫంగస్ మన దేశంలో బాగా వ్యాపించింది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు కూడా పెట్టారు. అందుకే చెల్లికి ఇట్రాకోనజోల్ రాశారు, భోజనం కాగానే వేసుకోమన్నారు. గుండె సరిగ్గా పంప్ చేయని (హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న) వాళ్లకు, గర్భిణులకు ఇది పనికిరాదు. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో కలిస్తే ప్రమాదం. ఎసిడిటీ మాత్రలు వేసుకుంటే సరిగ్గా ఒంటబట్టదు. కాబట్టి వాడే మందులన్నీ డాక్టర్‌కి చెప్పి తీరాలి. స్టెరాయిడ్ మానేసిన మొదటి వారం మచ్చ ఇంకా ఎర్రబడింది. అలా అవుతుందని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు.

కొన్నిటికి మాత్రం ఈ బేరీజు పనికిరాదు. నుదుటి మీద ఒక పక్కనే మంటతో నీటి పొక్కులు లేచినా, కన్ను ఎర్రబడి చూపు మసకబారినా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లకు కన్ను వాచి, నొప్పి పుట్టి, ఒకటి రెండుగా కనిపిస్తే అరగంట కూడా ఆగొద్దు. అది బ్లాక్ ఫంగస్ కావచ్చు. 2021లో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయింది దానితోనే.

ఇంతకీ చెల్లికి ఎక్కడ అంటింది? "ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందామ్మా?" అని డాక్టర్ అడిగితే మా అమ్మ తల దించుకుంది. లంగా బొందు కట్టుకునే చోట ఏడాదిగా తామర ఉంది, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. అమ్మ స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్న తువ్వాలుతోనే చెల్లి మొహం తుడుచుకునేది. ఇద్దరికీ ఒకేసారి వైద్యం మొదలుపెట్టారు. తువ్వాళ్లు, దిండు గలీబులు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేశాం. చెల్లి మొహం నాలుగు వారాల్లో తేటపడింది, అమ్మకు ఎనిమిది వారాలు పట్టింది.