పై క్లాసు పుస్తకమా, పక్క ఊరి స్తూపమా: ప్రాచీన చరిత్రకు ఏది మేలు?

మా అమ్మాయికి పన్నెండేళ్లు. బడికి పంపకుండా విజయవాడలో ఇంటి దగ్గరే చదివిస్తున్నాం, ఇది మూడో ఏడాది. లెక్కల్లో తన వయసు పిల్లలతో సమానంగా ఉంటుంది. చరిత్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ పుస్తకం ఇచ్చినా చాలదు. ఆరో తరగతి సోషల్ పుస్తకంలోని చరిత్ర పాఠాలన్నీ ఒక్క వారంలో చదివేసి, "అమ్మా, ఇదంతా ఇలాగే జరిగిందని వీళ్లకెలా తెలిసింది?" అని అడిగింది. దానికి ఆ పుస్తకంలో జవాబు లేదు, అప్పటికి నా దగ్గరా లేదు.

అప్పటినుంచి ఏడాదిన్నరలో మూడు దారులు పట్టి చూశాం. మొదటిది, విదేశాల్లో హోమ్‌స్కూలింగ్ చేసేవాళ్ల కోసం తయారైన ప్రాచీన ప్రపంచ చరిత్ర కోర్సు. రెండోది, మన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోనే నాలుగైదు క్లాసులు పైకి వెళ్లడం. మూడోది, కృష్ణా తీరంలో మన చుట్టూ ఉన్న చోట్లనే పాఠంగా తీసుకోవడం. చరిత్రలో ముందున్న పిల్లలున్న ఇళ్లవాళ్లు ఈ మధ్య కొందరు అడుగుతున్నారు కాబట్టి మా అనుభవంలో ఏది ఎంతవరకు పనికొచ్చిందో చెబుతాను.

విదేశీ కోర్సులో నాకు బాగా నచ్చింది వరస. ఊరూరా తిరిగే వేటగాళ్ల దగ్గర మొదలై, సుమేరు, ఈజిప్టు, బాబిలోను, గ్రీసు మీదుగా క్రీ.శ. 476లో పశ్చిమ రోము సామ్రాజ్యం పడిపోయేదాకా 36 వారాల్లో ఒక దారంలా సాగుతుంది. వారానికో కథ, ఒక మ్యాపు, గోడకు అంటించే టైమ్‌లైన్. ఒకచోట పిరమిడ్లు కడుతుంటే ఇంకోచోట ఏం జరుగుతోందో పిల్లకు కళ్ల ముందు కనిపిస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఇది తక్కువ. ఉద్యోగం చేస్తూ చదివించే అమ్మానాన్నలకు రేపేం చెప్పాలన్న టెన్షన్ ఉండదు, అది చిన్న విషయం కాదు.

కానీ మేం తీసుకున్నదాంట్లో భారతదేశానికి దక్కింది మూడంటే మూడు వారాలు. దక్షిణాది అసలు లేదు. అంతకంటే నన్ను బాధపెట్టింది మరొకటి. చురుకైన పిల్లల కోసమని విడిగా డబ్బు కట్టించుకుని పంపిన 'అడ్వాన్స్‌డ్' భాగంలో అదే కథ మీద ఇంకో ఇరవై ప్రశ్నలున్నాయి, అంతే. రాజు పేరేంటి, ఆయన కొడుకు పేరేంటి. ముందున్న పిల్లకు కావలసింది ఎక్కువ పని కాదు, వేరే రకం పని. ఎవరో నమిలి పెట్టిన కథనే రెండోసారి తినిపిస్తే ఆకలి చచ్చిపోతుంది.

అది వదిలేసి రెండో దారి పట్టాం. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాల వెంట తిరిగి పదకొండు, పన్నెండు తరగతుల చరిత్ర పుస్తకాలు తెచ్చాను. ఖర్చు దాదాపు లేనట్టే. దొరకనివాళ్లు ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఉచితంగా దింపుకోవచ్చు. మా మామగారు కూడా సంతోషించారు. "రేపు ఏ పరీక్షకైనా ఇవే అడుగుతారమ్మా" అన్నారు.

ఆ పుస్తకాల విలువ ఎక్కడుందంటే, చరిత్రకారుడు ఒక మాట ఏ ఆధారంతో అంటున్నాడో పక్కనే పెట్టెలో చూపిస్తారు. శాసనం అనువాదం, తవ్వకాల పటం, ఇద్దరు పండితులు విభేదించిన చోటు. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు మొదటిసారి జవాబు కనిపించింది వాటిలోనే. ముఖ్యంగా 12వ తరగతి మొదటి భాగంలో బౌద్ధ స్తూపాల పాఠం. సాంచి ఎందుకు నిలిచింది, అమరావతి ఎందుకు నిలవలేదు అని అది సూటిగా అడుగుతుంది. 18వ శతాబ్దం చివర స్థానిక జమీందారు కట్టడాల కోసం దిబ్బ తవ్వితే రాళ్లు బయటపడటం, ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూడటం, తర్వాత గుంటూరు కమిషనరుగా ఉన్న వాల్టర్ ఇలియట్ శిల్పాలను మద్రాసుకు తరలించడం, వాటిలో కొన్ని లండన్ చేరడం, అన్నీ ఉన్నాయి. దొరికిన శిల్పాన్ని దొరికిన చోటే కాపాడాలన్న ఆలోచన ఇంకా కుదురుకోకముందే అమరావతి బయటపడింది, అదే దాని దురదృష్టం. ఈ పాఠం చదివిన రోజు మా అమ్మాయి అన్నం దగ్గర కూడా అదే మాట్లాడింది.

అలాగని పుస్తకం మొత్తం మొదటినుంచి చివరిదాకా చదివించబోయాను. అది నా తప్పు. అవి పదహారు పదిహేడేళ్ల వాళ్లకు రాసినవి. పదకొండో తరగతిలో రోము పాఠం బానిస శ్రమ, కూలి, నాణేల వ్యవస్థ, పన్నుల మీద నడుస్తుంది. పన్నెండేళ్ల పిల్ల ఆ వాక్యాలు చదవగలదు, కానీ సంపాదన, అప్పు, కౌలు అంటే ఏమిటో తన బతుకులో ఇంకా చూడలేదు. నాలుగు వారాలయ్యాక గమనించాను, అది ప్రశ్నలు అడగడం మానేసింది. నోట్సు రాస్తోంది. అందమైన నోట్సు, పుస్తకంలో మాటలే. మన ఊళ్లో ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సుల్లో పిల్లలు ఎలా తయారవుతారో, ఏ భయంతో మేం బడి మాన్పించామో, అదే నా ఇంట్లో కనిపించింది. చదవగలిగిన పుస్తకం వేరు, ఆలోచించగలిగిన పుస్తకం వేరు.

తొందర కూడా అక్కర్లేదు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టాలంటే కనీసం 14 ఏళ్లు నిండాలి. ఎంత ముందుకు పరిగెత్తించినా ఆ గేటు దగ్గర ఆగాల్సిందే. మా మామగారికి ఇదే చెప్పాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ రెండేళ్లు సమయం ఇచ్చారు.

మూడో దారి అనుకోకుండా దొరికింది. స్తూపాల పాఠం చదివాక అమరావతి తీసుకెళ్లమని పట్టుబట్టింది. జనవరిలో వెళ్లాం. అక్కడ మిగిలింది తక్కువే: దిబ్బ, చుట్టూ నిలిపిన కొన్ని రాళ్లు, పక్కన మ్యూజియం. పిల్ల నిరుత్సాహపడుతుందనుకున్నాను. కానీ మ్యూజియంలో ఒక పలక మీద అక్షరాలు చూసి అక్కడే కూలబడింది. అంతకు ముందు విదేశీ కోర్సులో రొసెట్టా రాయి కథ చదివి ఉంది. 1799లో దొరికిన ఆ రాయి మీద ఒకే విషయం మూడు లిపుల్లో ఉండబట్టి, అందులో గ్రీకు తెలిసినదే కాబట్టి, 1822లో షాంపోలియన్ ఈజిప్టు లిపి విప్పగలిగాడు. మరి ఈ పలక మీదున్న మన పాత లిపి బ్రాహ్మీని ఎవరు విప్పారు?

ఇంటికొచ్చి వెతికాం. 1837లో జేమ్స్ ప్రిన్సెప్. ఆయనకు రొసెట్టా లాంటి రాయి లేదు. సాంచి రాతి కంచె మీద చిన్న చిన్న శాసనాలు చాలావరకు ఒకే రెండక్షరాలతో ముగుస్తున్నాయని గమనించాడు. ఇక్కడ పుస్తకం మూసేసి, "నువ్వైతే ఏమని ఊహిస్తావు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మన గుడిలో ఫ్యాను రెక్కల మీద పేర్లు రాస్తారు కదమ్మా, అలా ఇచ్చినవాళ్ల పేర్లేమో" అంది. ఆ రెండక్షరాలు 'దానం'. ప్రిన్సెప్ పట్టుకున్న కొసనే పన్నెండేళ్ల పిల్ల గుడి ఫ్యాను చూసి పట్టుకుంది. ఆ వారమంతా బ్రాహ్మీ అక్షరాలు నేర్చుకున్నాం. ప్లస్ గుర్తులా ఉన్నది 'క', తిరగేసిన టీ అక్షరంలా ఉన్నది 'న'. పది రోజుల్లో వాళ్ల నాన్నకు బ్రాహ్మీలో చీటీలు రాసి ఫ్రిజ్‌కి అంటించింది.

అమరావతి శాసనాల్లో ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తున్న పాఠం. విధికుడు అనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం (నిండు కుండ) చెక్కిన పలకను స్తూపానికి ఇచ్చాడు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకున్న చిహ్నంలో ఉన్నది ఆ పూర్ణఘటమే. కరెంటాఫీసు కాగితం మీద కూడా పిల్ల దాన్ని వేలు పెట్టి చూపిస్తుంది. దీన్ని బాబిలోను రాజు హమ్మురాబి చట్టాల పక్కన పెట్టి చదివించాను. ఆ 282 చట్టాల్లో కంటికి కన్ను అన్నది సమాన హోదా ఉన్నవాళ్ల మధ్యే. సామాన్యుడి కన్ను పోగొడితే వెండి కట్టాలి, బానిస కన్నయితే వాడి ధరలో సగం. ఒకటి రాజు వేయించిన రాయి, ఇంకొకటి చెప్పులు కుట్టే కుటుంబం వేయించిన రాయి. రెంటిలో దేన్నిబట్టి ఆ కాలపు మామూలు మనిషి గురించి ఎక్కువ తెలుస్తుంది? రెండు పేజీలు రాయమన్నాను, ఐదు రాసింది. చివర్లో తనే ఒక అభ్యంతరం పెట్టింది: "రాయి వేయించలేని పేదవాళ్ల సంగతి రెంటిలోనూ లేదు."

మన చుట్టుపక్కల ఇలాంటివి ఎన్నో. ఆంధ్రులకు గోడలున్న పట్టణాలు 30, కాల్బలం లక్ష, గుర్రపు దళం 2,000, ఏనుగులు 1,000 అని రోము రచయిత ప్లినీ రాశాడు. ఆ లెక్క మౌర్యుల కొలువుకు వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసుదని పండితులు అనుకుంటారు, కానీ మెగస్తనీసు పుస్తకం పోయింది, ప్లినీ ఆయన తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా గడిచాక వచ్చినవాడు. ఈ అంకెల్ని ఎంతవరకు నమ్మాలి? శాతవాహన రాజుల సంఖ్య మత్స్య పురాణంలో ఒకలా, వాయు పురాణంలో ఇంకోలా ఉంటుంది. ఏది పట్టుకోవాలి? క్రీ.శ. ఒకటో శతాబ్దపు గ్రీకు వర్తకుడొకడు మన తీరాన్ని మసాలియా అని పిలిచి, ఇక్కడ సన్నని నూలుబట్ట విరివిగా నేస్తారని రాశాడు. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఈ రెండూ కలిపి చదివితే, పదకొండో తరగతి పుస్తకంలో అర్థం కాని రోము వ్యాపారం సగం అర్థమైంది. నూలుబట్ట పిల్లకు తెలుసు కాబట్టి.

అయితే మూడో దారి ఒక్కటే సరిపోతుందని చెప్పను. రెండు నెలలు అచ్చంగా అదే చేశాం. అమరావతి, ఉండవల్లి, బందరు రోడ్డులో బాపు మ్యూజియం. ఆ తర్వాత బుద్ధుడు ముందా, అలెగ్జాండరు ముందా అంటే తడబడింది. స్థలాలు కాలక్రమంలో ఎదురు రావు. ఉండవల్లి గుహలు అమరావతి తర్వాత కొన్ని వందల ఏళ్లకు తొలిచినవి, మేం రెండూ ఒక్కరోజే చూసొచ్చాం. పైగా అమ్మో నాన్నో ముందు రోజు రాత్రి కూర్చుని చదువుకోకపోతే ఆ ప్రయాణం పిక్నిక్ అయిపోతుంది.

అందుకని ఇప్పుడు కలిపి చేస్తున్నాం. విదేశీ కోర్సు వెన్నెముక మాత్రమే: 36 వారాలను 20కి కుదించాను, ప్రశ్నపత్రాలు పూర్తిగా తీసేశాను, కథ ఒక్కసారి చదివి టైమ్‌లైన్ మీద గుర్తు పెట్టడంతో సరి. మిగిలిన 16 వారాలు మన తీరానికి. ఎన్‌సీఈఆర్‌టీ పై క్లాసు పుస్తకాల నుంచి నాలుగు పాఠాలే: మెసొపొటేమియా, హరప్పా, మౌర్యుల తర్వాతి రాజ్యాలు, స్తూపాలు. మిగతావి పదిహేనేళ్లప్పుడు చూద్దాం. వారంలో రెండు రోజులు కథ, ఒక రోజు ఒకే ఒక్క ఆధారం (శాసనమో, నాణెమో, శిల్పం ఫోటోనో), ఒక రోజు రాత.

ఒకటే ఎంచుకోవాలంటే? మీకు సమయం బొత్తిగా లేకపోతే విదేశీ కోర్సే తీసుకోండి, అడ్వాన్స్‌డ్ భాగం కొనకండి. వచ్చే ఏడాది పిల్లను మళ్లీ బడిలో వేసే ఆలోచన ఉంటే ఎన్‌సీఈఆర్‌టీ వదలొద్దు. కానీ "ఎలా తెలిసింది?" అని అడిగే పిల్ల మీ ఇంట్లో ఉంటే, గుంటూరు నుంచి అయినా బెజవాడ నుంచి అయినా అమరావతి గంట, గంటన్నర దూరం. ముందు అక్కడికి వెళ్లండి, తర్వాత పుస్తకం కొనండి. ఇక్కడ లేని శిల్పాలను బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైటులో పెద్ద ఫోటోల్లో చూపించవచ్చు, చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో నేరుగానే చూడవచ్చు. వాటిని అమరావతి మార్బుల్స్ (చలువరాళ్లు) అంటారు గానీ అది చలువరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. ఆ పేరెలా వచ్చిందో పిల్లనే కనుక్కోమనండి.

మా తర్వాతి ప్రయాణం భట్టిప్రోలు. తెనాలి నుంచి రేపల్లె రైలెక్కితే దారిలోనే స్టేషను. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపంలో ధాతు పేటికలు (అస్థికలు దాచిన పెట్టెలు) బయటికి తీశాడు. వాటి మీద బ్రాహ్మీలో కొన్ని అక్షరాలు మిగతా దేశంలో రాసినట్టు ఉండవు, 'అ'కారానికి కూడా విడిగా గుర్తు పెడతారు. మా అమ్మాయి ఆ అక్షరాలను కాపీ చేసి పెట్టుకుంది. ఎందుకలా మార్చి ఉంటారన్న దానికి మూడు కారణాలు రాసుకుంది. నాకింకా చూపించలేదు, స్తూపం దగ్గరే చెబుతానంటోంది.