12 ఏళ్ళ తర్వాత మళ్ళీ బీఎస్సీ మ్యాథ్స్: ఎన్‌వీడీఏ, మ్యాథ్‌క్యాట్ వాడి రాస్తున్న రివ్యూ

నేను మళ్ళీ డిగ్రీలో చేరిన కొత్తలో మా మేనకోడలు రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని మెటీరియల్ పైకి చదివేది. అది ఇంటర్ ఎంపీసీ. ఒకరోజు ఒక లెక్కలో "ఎక్స్ ప్లస్ వన్ బై వై" అని చదివింది, నేను చేశా, ఆన్సర్ రాలా, మళ్ళీ మొదట్నుంచి చేశా, రాలా, గంట పోయింది. చివరికి తేలిందేంటంటే పుస్తకంలో ఎక్స్ ప్లస్ వన్ మొత్తం పైనుంది, వై కిందుంది, నేనేమో ఒకటిని వై తో భాగించి దానికి ఎక్స్ కలుపుకుంటూ కూర్చున్నా. పిల్ల తప్పేం లేదు, క్లాసులో అందరూ అలాగే చదువుతారు, పేపర్ కళ్ళ ముందు ఉంటది కాబట్టి సరిపోద్ది. నాకు పేపర్ కనపడదు. నాకు ఆ మాట ఒక్కటే పేపరు.

అందుకే ఈ రివ్యూ రాస్తున్నా. ఎన్‌వీడీఏ గురించి "బ్లైండ్ వాళ్ళకి ఫ్రీ స్క్రీన్ రీడర్" అని అందరూ రాస్తారు, మెయిల్ చదువుద్ది, వర్డ్ చదువుద్ది అంటారు, దాంతో డిగ్రీ లెవెల్ లెక్కలు చదవొచ్చా అనే సంగతి మాత్రం నాకు తెలుగులో ఎక్కడా దొరకలా. ఏడాదిన్నరగా వాడుతున్నా, నాకు తెలిసింది చెప్తా.

ముందు నా సంగతి కొంచెం. నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా, చూపు మెల్లమెల్లగా తగ్గిపోయే కంటి జబ్బు. పదో క్లాసులో రేచీకటిగా మొదలైంది, చీకటి పడితే సైకిల్ తొక్కలేకపోయేవాణ్ణి. బీఎస్సీ సెకండియర్‌కి వచ్చేసరికి పక్క చూపు పోయి గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో కాస్త మిగిలింది, బోర్డు మీద ఒక లైను పట్టుకునేలోపు సార్ తర్వాతి లైనుకి వెళ్ళిపోయేవారు. మానేశా. మా అన్నయ్య ఎరువుల కొట్లో కూర్చుని ఫోన్లు మాట్లాడటం, బాకీలు గుర్తుపెట్టుకోవడం, నోటి లెక్కలు. 12 ఏళ్ళు అలాగే గడిచాయి. ఇప్పుడు వెలుతురు, పెద్ద పెద్ద నీడలు తెలుస్తాయి, అంతే. లెక్కల మీద ఇష్టం మాత్రం ఒక్కరోజు కూడా తగ్గలా, రాత్రుళ్ళు పడుకుని పాత ఇంటిగ్రేషన్లు మనసులో చేసుకునేవాణ్ణి. పోయినేడు దూరవిద్యలో మ్యాథ్స్ మెయిన్‌గా చేరా.

ఎన్‌వీడీఏ అంటే విండోస్ కంప్యూటర్‌లో స్క్రీన్ మీదున్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే ఆయన మొదలెట్టాడు, తర్వాత జేమీ టే కలిశాడు, ఇద్దరూ చూపు లేనివాళ్ళే. ఎన్‌వీ యాక్సెస్ అని లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు, ఇప్పుడు ఆ సంస్థే దీన్ని నడుపుతోంది. డౌన్‌లోడ్ చేసేటప్పుడు విరాళం అడుగుద్ది, ఇవ్వకపోయినా దిగుద్ది. పైసా ఖర్చు లేదు. డబ్బులు పెట్టి కొనే స్క్రీన్ రీడర్లు ఉన్నాయి, అవి మనలాంటి ఇళ్ళల్లో కొనే రేటులో లేవు. ఇంకో మంచి విషయం, దీన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ కంప్యూటర్‌కైనా పెట్టి నడిపించొచ్చు, ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. నా మెడలో ఎప్పుడూ ఒకటి వేలాడుతుంటది.

నేను మొదలెట్టినప్పుడు ఎన్‌వీడీఏ ఒక్కటే అయితే లెక్కలకి సరిపోయేది కాదు. దానికి మ్యాథ్‌క్యాట్ అనే యాడ్ఆన్, అంటే అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్, కలపాల్సి వచ్చింది. నీల్ సోయిఫర్ అనే ఆయన చేశాడు, అదీ ఫ్రీయే. ఎన్‌వీడీఏలోనే యాడ్ఆన్ స్టోర్ ఉంటది, అక్కడ వెతికి ఎక్కించుకున్నా.

ఇప్పుడు అసలు విషయం. మొదట్లో చెప్పిన లెక్కనే మ్యాథ్‌క్యాట్ ఎలా చదువుద్దంటే "ఫ్రాక్షన్, ఎక్స్ ప్లస్ వన్, ఓవర్ వై, ఎండ్ ఫ్రాక్షన్". ఆ "ఎండ్ ఫ్రాక్షన్" అన్న మాట మొదటిసారి విన్నప్పుడు నేను కుర్చీలో కదలకుండా కూర్చుండిపోయా. భిన్నం ఎక్కడ మొదలైంది ఎక్కడ అయిపోయింది చెప్తోంది, ఎవర్నీ అడక్కుండా. చదివే తీరు కూడా మార్చుకోవచ్చు, క్లియర్‌స్పీక్ అని ఒకటి, సింపుల్‌స్పీక్ అని ఒకటి, ఎంత వివరంగా చెప్పాలో కూడా సెట్ చేసుకోవచ్చు, నాకు సింపుల్‌స్పీక్ నచ్చింది.

అంతకంటే పెద్దది ఇంకోటుంది. ఈక్వేషన్ మీద ఉన్నప్పుడు ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్‌సర్ట్), ఆల్ట్, ఎమ్ కలిపి నొక్కితే ఈక్వేషన్ లోపలికి వెళ్తాం. డౌన్ ఆరో కొడితే ఒక మెట్టు లోపలికి, రైట్ ఆరో కొడితే పక్క ముక్కకి, అప్ ఆరో కొడితే బయటికి. పెద్ద లిమిట్ ఉందనుకోండి, లోపల భిన్నం, పైన రూటు, రూటు లోపల స్క్వేర్. ముందు మొత్తం ఒకసారి వింటా, ఏమీ నిలవదు, తర్వాత లోపలికి దిగి న్యూమరేటర్ ఒక్కటే వింటా, దాన్ని మనసులో పెట్టుకుని డినామినేటర్ వింటా, మళ్ళీ వెనక్కి పోతా. ఒక ముక్క తొమ్మిదిసార్లు వినాలంటే తొమ్మిదిసార్లు వింటా. చూపున్నవాళ్ళు లెక్క చేసేటప్పుడు కళ్ళు ఎన్నిసార్లు పై లైనుకి పోయొస్తాయో వాళ్ళకే తెలీదు. నేను మాత్రం ప్రతిసారీ ఒక మనిషిని "అమ్మా ఆ పైది ఇంకోసారి" అని అడగాలి, నాలుగోసారికి నాకే మొహమాటమేసి, అర్థం కాకపోయినా సరే అయిందిలే అనేవాణ్ణి. 20 ఏళ్ళప్పుడు నేను చదువు మానేసింది చూపు పోయినందుకు సగం, ఈ మొహమాటానికి సగం. మ్యాథ్‌క్యాట్ నాకు తిరిగిచ్చింది ఇదే, పై లైనుకి నా అంతట నేను వెళ్ళిరావడం.

మ్యాట్రిక్సులు కూడా బాగా చదువుద్ది, మూడు బై మూడు మ్యాట్రిక్స్ అని ముందే చెప్పి వరసల ప్రకారం చెప్తది, లోపలికి దిగితే ఏ గడిలో ఉన్నామో పట్టుకోవచ్చు. ఐగెన్ వాల్యూస్ చాప్టర్ మొత్తం నేను ఎవరి సాయం లేకుండా చదివా.

సరే, ఇబ్బందులు. ఇవన్నీ జరగాలంటే ఈక్వేషన్ పేజీలో బొమ్మగా కాకుండా మ్యాథ్‌ఎమ్‌ఎల్ అనే, కంప్యూటర్‌కి అర్థమయ్యే రూపంలో ఉండాలి. ఓపెన్‌స్టాక్స్ కాల్క్యులస్ పుస్తకం వెబ్‌లో ఫ్రీగా ఉంది, వికీపీడియా మ్యాథ్స్ పేజీలున్నాయి, అవి హాయిగా చదువుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో మొదట్నుంచీ బాగుంది, క్రోమ్‌లో కూడా 2023లో 109వ వెర్షన్‌తో మ్యాథ్‌ఎమ్‌ఎల్ వచ్చింది. కానీ మన పరీక్షకి వచ్చేది మన మెటీరియలే కదా. నాకిచ్చిన మెటీరియల్ స్కాన్ చేసిన పీడీఎఫ్, అంటే అక్షరాలు కాదు, ఫోటోలు. ఎన్‌వీడీఏ అక్కడ మౌనం. ఎన్‌వీడీఏ కీతో ఆర్ నొక్కితే విండోస్‌లో ఉన్న ఓసీఆర్‌తో ఫోటోలోంచి అక్షరాలు లాగుద్ది, మామూలు ఇంగ్లీష్ పేరా అయితే ఫర్వాలేదు, లెక్కల దగ్గరికొచ్చేసరికి ఎక్స్ స్క్వేర్ కాస్తా ఎక్స్ రెండు అయిపోద్ది, భిన్నం రెండు వేరే వేరే లైన్లు అయిపోద్ది. దాన్ని నమ్మి లెక్క చేస్తే మునిగినట్టే. తెలుగు మీడియం నోట్సు ఇంకో రకం బాధ, పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినవి యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగని గుర్తుపట్టే అక్షరాలు) కాదు, చూట్టానికి చక్కటి తెలుగు, వినడానికి అర్థం లేని ఇంగ్లీష్ అక్షరాల వాన. స్టడీ సెంటర్లో యూనికోడ్ ఫైలు ఇమ్మని మూడుసార్లు అడిగా, అలాంటిది అడిగిన మొదటి మనిషిని నేనే అన్నారు. నాకు కోపం వచ్చింది. వికలాంగుల హక్కుల చట్టం వచ్చి ఇన్నేళ్ళయింది, మొదటి మనిషిని నేనే ఎందుకవ్వాలి?

దీనికి మేం కనుక్కున్న దారి చెప్తా, ఎవరికైనా పనికొస్తది. మా మేనకోడలికి లేటెక్ నేర్పించా, అంటే లెక్కల గుర్తుల్ని మామూలు కీబోర్డ్ అక్షరాలతో రాసే పద్ధతి. భిన్నం అంటే బ్యాక్‌స్లాష్ ఫ్రాక్, మీసాల బ్రాకెట్లో పైది, మీసాల బ్రాకెట్లో కిందది, ఇలా అంతా మామూలు టైపింగే. పిల్ల వారంలో పట్టేసింది. అది చాప్టర్ నోట్‌ప్యాడ్‌లో కొట్టి ఇస్తది, నేను పాన్‌డాక్ అనే ఫ్రీ ప్రోగ్రామ్‌తో మ్యాథ్‌ఎమ్‌ఎల్ ఉన్న వెబ్ పేజీగా మార్చుకుంటా, బ్రౌజర్లో తెరిచి చదువుకుంటా. అసైన్‌మెంట్లు నేనే లేటెక్‌లో రాసి పీడీఎఫ్ చేసి పంపుతున్నా, చాలామంది చేతిరాత కంటే నా పేపరే నీట్‌గా ఉందని కౌన్సెలర్ మేడమ్ అన్నారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఎన్‌వీడీఏ మామూలు సెట్టింగ్‌లో బ్రాకెట్లు పైకి చదవదు, లేటెక్ రాసేటప్పుడు ఎన్‌వీడీఏ కీతో పీ నొక్కుతూ పోయి పంక్చుయేషన్ "ఆల్" కి మార్చుకోవాలి. ఇది తెలియక ఒక బ్రాకెట్ కోసం ఒక పూటంతా వెతికా.

గొంతు సంగతి. దాంతో పాటు వచ్చే ఈస్పీక్ గొంతు మనిషి గొంతులా ఉండదు, మొదటి వారం తలనొప్పి వచ్చింది నిజమే. అయినా వదలొద్దు. స్పీడ్ పెంచినా మాట చెదరదు, అదే దాని గొప్ప. తెలుగు కూడా చదువుద్ది. అలవాటు అవడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఇప్పుడు మామూలు మాట స్పీడ్ కంటే బాగా ఎక్కువ పెట్టి వింటా, మా వదిన అయితే "ఏం వింటున్నావయ్యా, అందులో మాటలున్నాయా" అంటది. ల్యాప్‌టాప్‌లో అయితే క్యాప్స్ లాక్‌ని ఎన్‌వీడీఏ కీగా పెట్టుకోండి, చేతికి దగ్గర.

గ్రాఫుల దగ్గర ఎన్‌వీడీఏ చెయ్యగలిగింది తక్కువ. దానికి డెస్మోస్ గ్రాఫింగ్ కాల్క్యులేటర్ వాడుతున్నా, అందులో ఆడియో ట్రేస్ అని ఉంది, గ్రాఫ్ పైకి పోతే శబ్దం సన్నబడి పైకి పోద్ది, కిందికొస్తే దిగుద్ది. సైన్ కర్వ్ విన్నా. నిజంగా విన్నా, ఊయల లాగా పోయొచ్చింది. ఇంటర్లో కళ్ళతో చూసిన కర్వ్ అది, ఇన్నేళ్ళకి మళ్ళీ ఎదురైంది.

పరీక్ష గురించి ఒక మాట, ఎందుకంటే ఇంట్లో ఎంత బాగా చదివినా అక్కడే తేడా కొడుద్ది. వికలాంగుల పరీక్షల కోసం కేంద్రం 2018లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని ఉండేది, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. సాధ్యమైనంత వరకు కంప్యూటర్ మీద రాసే ఆప్షన్ ఇవ్వాలని, ఇస్తే ఆ సిస్టమ్‌ని ఒకరోజు ముందే చూసుకోనివ్వాలని కూడా అందులోనే ఉండేది. నా సెంటర్లో కంప్యూటర్ ఒప్పుకోలేదు, స్క్రైబ్‌తోనే (మనం చెప్తుంటే రాసిపెట్టే మనిషి) రాశా. మన స్క్రైబ్‌ని మనం తెచ్చుకుంటే వాళ్ళ చదువు మనకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని ఆ గైడ్‌లైన్స్‌లో ఉండేది, అంటే డిగ్రీ వాడికి ఇంటర్ పిల్లాడు. పాపం వాడు పార్షియల్ డెరివేటివ్ గుర్తు ఎప్పుడూ చూళ్ళేదు, "డౌ బై డౌ ఎక్స్" అంటే డీ ఓ యూ అని రాశాడు. అప్పుడు నాకు మ్యాథ్‌క్యాటే గుర్తొచ్చి, దాని లాగే చెప్పడం మొదలెట్టా, "భిన్నం మొదలు, పైన ఇది, కింద ఇది, భిన్నం అయిపోయింది". మిగతా పేపర్ సాఫీగా సాగింది. 68 వచ్చాయి. స్క్రైబ్‌తో పరీక్ష రాసేవాళ్ళు ఈ పద్ధతి ముందే ఇద్దరూ కూర్చుని ప్రాక్టీస్ చెయ్యండి.

ఇంట్లోవాళ్ళు "చూపు లేకుండా సైన్సా" అంటుంటే వాళ్ళకి మన మచిలీపట్నం వైపు శ్రీకాంత్ బొల్లా గురించి చెప్పండి, పది తర్వాత సైన్స్ గ్రూప్ ఇవ్వం అంటే కొట్లాడి తీసుకుని ఇంటర్ చదివి తర్వాత అమెరికాలో ఎమ్‌ఐటీకి వెళ్ళాడు. రష్యాలో పొంట్ర్యాగిన్ అని 14 ఏళ్ళకి చూపు పోయిన ఆయన, వాళ్ళమ్మ పక్కన కూర్చుని పుస్తకాలు చదివి పెడితే టోపాలజీలో పెద్ద గణితవేత్త అయ్యాడు. ఆవిడకి లెక్కలు రావు, గుర్తులు ఎలా కనపడితే అలా చెప్పేదట. ఆ సంగతి తెలిసినప్పట్నుంచీ మా మేనకోడల్ని తల్చుకోకుండా ఉండలేకపోతున్నా.

రేటింగ్ అంటే, లెక్కలకి ఎన్‌వీడీఏ, మ్యాథ్‌క్యాట్ రెండూ కలిపి 5కి నాలుగున్నర ఇస్తా. ఆ అర ఎందుకు తగ్గించానంటే మొదలెట్టేటప్పుడు పక్కన తెలిసినవాళ్ళు ఒకరుండాలి, నాలా మధ్యలో చూపు పోయి కీబోర్డ్ అలవాటు లేనివాళ్ళకి మొదటి నెల కష్టం. కెమిస్ట్రీ చదివే ఫ్రెండ్ ఒకతను స్మైల్స్ అనే రాత వాడుతున్నాడు, ఇథనాల్ అంటే సీ సీ ఓ అని మూడక్షరాలు, బొమ్మ అక్కర్లేకుండా అణువు మొత్తం లైన్లో వచ్చేస్తది, ఎన్‌వీడీఏ దాన్ని అక్షరం అక్షరం చదువుద్ది. అది వాళ్ళకి బాగుంది. నాకు మిగిలింది ఫిజిక్స్ పేపర్లో సర్క్యూట్ బొమ్మలు. మేనకోడలు తీగ ముక్కలు అట్టకి అంటించి చేతితో తడిమి చూసేలా చేసిస్తోంది, రెండు రెసిస్టర్ల వరకు పర్లేదు, నాలుగు రెసిస్టర్లుండే వీట్‌స్టన్ బ్రిడ్జి దగ్గర వేళ్ళకి గందరగోళంగా ఉంది. ఇంతకంటే మంచి పద్ధతి ఎవరైనా వాడుతుంటే రాయండి, పరీక్ష డిసెంబర్లో.